మాస్టరు పాలల్లో పొడి

శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఫైలమ్మ టైలరు షాపులో అడుగుపెట్టేసరికి, ముద్దాయిని కుట్టుమిషనుకి బేడీలేసి కట్టేశారు. పోలీసు జీపు పంచరైందట. అది బాగుపడి వచ్చేదాకా ముద్దాయి పారిపోకుండా ఇన్స్పెక్టరు చేసిన ఏర్పాటు అది. ముద్దాయి మాత్రం ఊరికే కూర్చోలేక, బేడీ లేని చేత్తో గుడ్డ తోస్తూ, కాళ్ళతో మిషను తొక్కుతూ ఎవరిదో ప్యాంటు అంచు కుట్టేస్తున్నాడు.

"ఆపవయ్యా ఆ గోల!" అని అరిచాడు ఇన్స్పెక్టరు.

"పన్నెండింటికి డెలివరీ సార్. మీరు పట్టుకెళితే ఎవరు కుడతారు?"

ఇన్స్పెక్టరుని ఊళ్ళో అందరూ మెరుపు అంటారు. ఫిర్యాదు రాయడం పూర్తికాకముందే ఎవరో ఒకర్ని అరెస్టు చేసేస్తాడు. కిందటేడు ఒక దొంగతనం కేసులో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాణ్ణే లోపలేసి, సాయంత్రానికి పొరపాటు తెలిసి, మర్నాడు వదిలాడు. అంత వేగం.

ఫైలమ్మది వేరే పద్ధతి. ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రి రికార్డు రూములో గుమాస్తాగా చేసి, రిటైరైన నెలలోనే ఇంటి ముందు డిటెక్టివ్ బోర్డు పెట్టేసింది. డాక్టర్ల చేతిరాత చదివిన కళ్ళకి హంతకుల మనసు చదవడం ఒక లెక్కా అని ఆవిడ ధీమా. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆవిడా గుర్తుచెయ్యదు.

"మీరెందుకొచ్చారు?" అన్నాడు మెరుపు, తలుపుకి అడ్డంగా నిలబడి.

"ఈ షాపు మాస్టరుగారి భార్య కబురు పెట్టింది. వాళ్ళ తమ్ముణ్ణి మీరు మిషనుకి కట్టేశారని."

"వాడు వాళ్ళ బావకి విషం పెట్టాడమ్మా! ఆరునెలలుగా! కొంచెం కొంచెంగా!" మెరుపు వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. "మాస్టరుకి కాళ్ళు తిమ్మిరి. చీలమండలు వాపు. కడుపు ఒకరోజు బిగుసుకుంటుంది, ఒకరోజు జారిపోతుంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. పన్నెండు మెట్లెక్కితే పన్నెండు సార్లు ఆగుతాడు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. ఈ బావమరిదేమో రోజూ ఉదయం పాలల్లో ఏదో పొడి కలిపి ఇస్తాడు. డబ్బా మీద లేబులు చింపేసి ఉంది. మాస్టరుకి పిల్లల్లేరు. ఆయన పోతే షాపు ఎవరిది? ఫిర్యాదు ఇచ్చింది స్వయంగా మాస్టరే. ఇంకేం కావాలి?"

"విషం కావాలి," అంది ఫైలమ్మ. "ల్యాబువాళ్ళు పొడిలో ఏం దొరికిందన్నారు?"

మెరుపు మీసం కాస్త కిందికి దిగింది. "చాక్లెట్టు వాసన."

"ఇంకా?"

"చక్కెర. ప్రోటీను. అంటే దానర్థం ఏమిటి? ఆనవాలు మిగలని విషం!"

ఫైలమ్మ ఆయన చంక కిందనుంచి దూరి లోపలికొచ్చి, ముద్దాయి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. బావమరిదికి నలభై ఉంటాయి. మెడ, భుజాలు, అన్నీ ఒకే కొలతలో ఉన్న మనిషి. షాపులో కటింగు అతనిదే.

"పాలు ఎన్నింటికిస్తావు?"

"ఆరుంబావుకండీ."

"పొడి ఎన్ని చెంచాలు?"

"బావకి రెండు, నాకు నాలుగు."

"నీకా?"

"నేను జిమ్ముకి వెళతానండీ." అని చెప్పి, నమ్మకం కుదరడానికన్నట్టు బేడీ ఉన్న చెయ్యి కాస్త బిగించాడు. కుట్టుమిషను ఒక కాలు నేలమీదనుంచి లేచింది. మెరుపు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి లేబులెందుకు చింపావు?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "దానిమీద చొక్కా లేకుండా కండలు చూపించేవాడి బొమ్మ ఉందండీ. బావ నలభై ఏళ్ళుగా జనానికి చొక్కాలు తొడిగిన మనిషి. చూస్తే తాగడని చింపేశాను."

"ఎప్పణ్ణుంచి ఇస్తున్నావు?"

"మూడు నెలలైందండీ. బావ సన్నబడిపోతున్నాడని అక్క ఏడుస్తుంటే."

ఫైలమ్మ మెరుపు వైపు తిరిగింది. "ఆరునెలల నుంచి జబ్బు. మూడు నెలల నుంచి పొడి."

"మొదటి మూడు నెలలూ ఇంకోదాంట్లో కలిపి ఉంటాడు," అన్నాడు మెరుపు ఏమాత్రం తొణక్కుండా. "నేరస్థులు పద్ధతులు మార్చరా ఏం?"

మాస్టరు పైన ఉన్నాడు. కింద షాపు, పైన ఇల్లు. ఫైలమ్మ మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, టేపుతో తన కాలి చీలమండ తనే కొలుచుకుంటున్నాడు. అరవై నాలుగేళ్ళవాడు. ఒంటిమీద చొక్కా అతికినట్టుంది. మనిషి తగ్గినప్పుడల్లా చొక్కా కూడా విప్పి కుట్టుకుంటున్నాడని వెంటనే తెలిసిపోతోంది.

"పదకొండుంబావు," అని ఒక పుస్తకంలో రాసుకున్నాడు. "నిన్న పదకొండు."

ఆ పుస్తకం చేతికి రాగానే ఫైలమ్మ ప్రాణం లేచొచ్చింది. అది షాపు కొలతల పుస్తకం. ముందు పేజీల్లో ఖాతాదారుల ఛాతీలు, నడుములు. వెనక పేజీల్లో మాస్టరు సొంత ఒళ్ళు, తేదీలతో సహా. నడుము తగ్గిన రోజులు, చీలమండ పెరిగిన రోజులు. రికార్డు రూములో ఎంతమంది డాక్టర్లని బతిమాలినా ఇంత శుభ్రంగా ఒక్కరూ రాయలేదు. వాపు మొదలైన తేదీ పొడి కంటే పదకొండు వారాలు ముందుంది.

"మీకు మీ బావమరిది మీద అనుమానమేమిటండీ?"

"పాలల్లో పొడి కలపడం చూశాను," అన్నాడు మాస్టరు, కళ్ళు కిందికి దించుకుని. "పొడి కలిపితే ఏమవుతుందో నాకు తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

ఆయన టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం పూర్తయింది. విప్పి మళ్ళీ చుట్టాడు.

ఫైలమ్మ ఆయన భార్యని పిలిచి, ఇంట్లో ఉన్న ఆసుపత్రి కాగితాలన్నీ తెమ్మంది. ఆవిడ గుడ్డసంచీ నిండా తెచ్చి మంచం మీద గుమ్మరించింది. ఫైలమ్మ కళ్ళజోడు సవరించుకుని, పళ్ళెంలో నచ్చిన వంటకం పడ్డట్టు వాటి ముందు కూర్చుంది. మెరుపు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"ఎనిమిదేళ్ళ కిందట కుడి మణికట్టుకి ఆపరేషనా?"

"అవునమ్మా," అంది భార్య. "వేళ్ళు తిమ్మిరెక్కి సూది జారిపోయేది. రోజంతా కత్తెర పట్టుకుంటే అంతే అన్నారు డాక్టరు."

"మరి ఏడేళ్ళ కిందట ఎడమ మణికట్టుకి కూడా?"

"దానికీ కత్తెరే కారణమన్నారు."

ఫైలమ్మ తలెత్తింది. "మాస్టరుగారూ, మీరు కత్తెర ఏ చేత్తో పడతారు?"

"కుడిచేత్తో."

"ఎడమచేత్తో ఎప్పుడైనా?"

మాస్టరుకి కోపమొచ్చింది. "ఎడమచేత్తో కత్తిరించడానికి నేనేమన్నా నిన్న నేర్చుకున్నవాణ్ణా?"

"మరి ఏ పనీ చెయ్యని ఎడమచెయ్యి ఎందుకు పాడైంది?"

కింద మిషను టకటకా నడుస్తూనే ఉంది.

ఫైలమ్మ ఇంకో కాగితం తీసింది. "మూడేళ్ళ కిందట కుడి దండచెయ్యి?"

"గుడ్డల మూట ఎత్తుతుంటే టప్పుమని చప్పుడైంది," అంటూ మాస్టరు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతికి కాస్త పైన నిమ్మకాయంత ఉండ.

"అబ్బో, ఈ వయసులో కూడా కండ బాగుందే," అన్నాడు మెరుపు మెచ్చుకోలుగా.

"కండ కాదండీ, లోపల నరమో తాడో తెగి ఇలా ముడుచుకుపోయింది," అన్నాడు మాస్టరు. "తేలిగ్గా ఉన్న మూటే. నాకే ఆశ్చర్యం."

"బీపీ మాత్రలు రెండేళ్ళ కిందట మానేశారేం?"

"నయమైపోయిందమ్మా. పదేళ్ళున్న బీపీ దానంతటదే దిగిపోయింది."

ఫైలమ్మ గబగబా చివరి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. స్కాన్‌లో గుండె గోడలు మందంగా ఉన్నాయని రాసుంది. ఈసీజీ గీతలు మాత్రం చీమలు పాకినట్టు సన్నగా ఉన్నాయి. గోడ మందంగా ఉంటే గీత పెద్దదవ్వాలి. ఆవిడ డాక్టరు కాదు కానీ, ఆ మాట ఎక్కడ విందో గుర్తొచ్చింది. రికార్డు రూములో చివరి సంవత్సరం గుండె డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, "అక్కా, రెండు మణికట్లకీ ఆపరేషనై, కొన్నేళ్ళకి గుండెజబ్బుతో వచ్చినవాళ్ళ ఫైళ్ళన్నీ తీసిపెట్టవా" అని అడిగింది. మూడు వారాలు దుమ్ము తిని తీస్తే పదిహేడు దొరికాయి. అన్నిట్లోనూ గోడ మందం, గీత సన్నం అని చూపించింది ఆవిడే.

"ఇన్స్పెక్టరుగారూ, ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాకు కొంచెం గడువివ్వండి."

"గడువా? నేను రేపు పేపరువాళ్ళని పిలిచానమ్మా! ఫొటోకి చొక్కా కూడా ఇస్త్రీకిచ్చాను."

"ఆ చొక్కా ఇక్కడే కుట్టించారుగా? విషం పెట్టేవాడి చేత కొలతలు తీయించుకున్నారని రాస్తారు."

మెరుపు మీసం దువ్వుకున్నాడు. "బుధవారం పదకొండు. అప్పటిదాకా వీడు నా లాకప్‌లోనే. పదకొండూ ఒకటికి ఛార్జిషీటు."

పాపం బావమరిది పన్నెండింటి డెలివరీ పూర్తిచేసి, దారం కొరికి, ప్యాంటు మడతపెట్టి అక్క చేతికిచ్చి మరీ జీపెక్కాడు.

*

బుధవారం పదకొండు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుండగా గుండె డాక్టరమ్మ గదిలో ఐదుగురు కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. డాక్టరమ్మ, మాస్టరు, ఆయన భార్య, ఫైలమ్మ, చంకలో ఛార్జిషీటుతో మెరుపు.

డాక్టరమ్మ తెర మీద ఒక చిత్రం పెట్టింది. మసక మసగ్గా ఎముకల గూడు. దాని మధ్యన ఎడమవైపు దీపం పెట్టినట్టు ఒక వెలుగు.

"ఇది ఎముకలు చూసే స్కాను. మామూలుగా గుండె ఇందులో కనబడకూడదు. ఈయనది వెలిగిపోతోంది. ఇలాగే కనబడే ఇంకో జబ్బుంది, అది కాదని రక్తపరీక్ష తేల్చేసింది. అక్కా, నువ్వన్నది నిజమే. గుండెలో ప్రోటీన్ పేరుకుపోయింది."

మెరుపు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ప్రోటీను! నేను చెప్పలేదూ! ఆ డబ్బాలో ఉన్నదీ ప్రోటీనే! నేరం రుజువైపోయింది!"

"కూర్చోండి సార్," అంది డాక్టరమ్మ. "తిన్న ప్రోటీన్ కడుపులోనే ముక్కలు ముక్కలైపోతుంది. ఇది ఆయన కాలేయం తయారుచేసే ప్రోటీన్. మీ కాలేయమూ చేస్తుంది, నాదీ చేస్తుంది. రక్తంలో సరుకు మోసే కూలీ లాంటిది. ప్రతి ప్రోటీనుకీ ఒక మడత ఉంటుంది. ఆ మడతలో ఉంటేనే పని చేస్తుంది. ఈయనలో అది విడిపోయి, తప్పు మడతపడి, ఒకదానికొకటి అతుక్కుని పోగులు పోగులుగా పేరుకుంది. శరీరం దాన్ని కరిగించలేదు, బయటికి తొయ్యలేదు. మొదట మణికట్లలో చేరింది. తర్వాత దండచేతి తాడులో. తర్వాత కాళ్ళ నరాల్లో, అందుకే తిమ్మిరి. పేగుల్ని నడిపే నరాల్లో చేరింది కాబట్టి కడుపు అలా. గుండె గోడల్లో చేరి వాటిని అట్టలా బిరుసు చేసింది. అందుకే వాపు, ఆయాసం, బీపీ దిగిపోవడం."

మాస్టరు అంతా విని, వృత్తికి అవమానం జరిగినట్టు ముఖం పెట్టాడు. "నా ఒంట్లోనా? మడత తప్పడమా?"

"పదేళ్ళ నుంచీ తప్పుతూనే ఉందండీ."

"నలభై ఏళ్ళలో నా షాపులోంచి ఒక్క చొక్కా మడత తప్పి బయటికి పోలేదమ్మా," అన్నాడాయన. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

"మందుందా?" అని అడిగింది ఆవిడ.

"ఉంది. ఆ ప్రోటీన్ విడిపోకుండా పట్టి ఉంచే మాత్రలున్నాయి. ఇప్పటికే పేరుకున్నది పోతుందని మాటివ్వలేను. కొత్తది చేరడం బాగా తగ్గుతుంది. ఇంకో రెండేళ్ళు ఆలస్యమై ఉంటే ఈ మాట కూడా చెప్పగలిగేదాన్ని కాదు."

మెరుపు ఛార్జిషీటుని చంకలోంచి తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే నేనెవర్ని అరెస్టు చెయ్యాలి?"

"కాలేయాన్ని," అంది ఫైలమ్మ. "బేడీలు సరిపోతాయేమో చూడండి."

మాస్టరు భార్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మెరుపు ఫోన్ తీసి స్టేషనుకి చేసి, లాకప్‌లో ఉన్నవాణ్ణి వదిలెయ్యమన్నాడు. అవతలి కానిస్టేబులు ఏదో అన్నాడు. "ఏమిటీ? నీ యూనిఫాం బిగించి కుడుతున్నాడా? అయితే అయ్యాక వదులు," అని పెట్టేశాడు.

డాక్టరమ్మ మాత్రం ఇంకా మాస్టరు వైపే చూస్తోంది.

"ఒక మాట అడగాలండీ. ఈ జబ్బు కొందరికి వయసు మీదపడి వస్తుంది. కొందరికి వంశంలోంచి వస్తుంది. కాళ్ళ తిమ్మిరి చూస్తే మీది రెండోదేమోనని నా అనుమానం. రక్తం పంపించాను, ఫలితం రావడానికి మూడు వారాలు పడుతుంది. మీ అమ్మా నాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరైనా ఇలాగే పోయారా? కాళ్ళు వాచి, తిమ్మిరెక్కి, చిక్కిపోయి?"

మాస్టరు జేబులోంచి టేపు తీశాడు. చుట్టడం మొదలుపెట్టాడు. ఈసారి భార్య ఆ టేపు లాక్కుంది.

"చెప్పండి," అంది ఆవిడ. "ఇంకా ఎన్నాళ్ళు దాస్తారు? ఆ ఇంటి ఊసెత్తితే భోజనం మానేస్తారని నేనూ నోరు కట్టేసుకున్నాను. మీరు చెప్పకపోతే ఇప్పుడు నేను చెబుతాను."

"మా అక్కయ్య," అన్నాడు మాస్టరు. "నాలుగేళ్ళ కిందట. అచ్చం ఇలాగే. కాళ్ళు, కడుపు, ఆయాసం, అన్నీ."

"ఏ జబ్బన్నారు?"

"జబ్బనలేదమ్మా. కోడలు విషం పెట్టిందన్నారు."

మెరుపు మీసం మీదికి వెళ్ళిన చెయ్యి దించేశాడు.

"మా మేనల్లుడే అన్నాడు. వాడి పెళ్ళాం రోజూ అత్తకి మాత్రలు నూరి ఇచ్చేది. మింగలేకపోయేది మా అక్కయ్య, అందుకని. వాటిలోనే ఏదో కలిపిందన్నాడు. పోస్టుమార్టంలో ఏమీ దొరకలేదు. ఆనవాలు మిగలని విషమన్నారు."

మెరుపు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"మరి కోర్టుకి ఏం చూపించారు?" అంది ఫైలమ్మ.

"నన్ను," అన్నాడు మాస్టరు. "ఆ పిల్ల తెల్లపొడి కలపడం నా కళ్ళతో చూశానని బోనెక్కి చెప్పాను."

"చూశారా?"

"చూళ్ళేదు. వాడు చూశానన్నాడు. అక్కయ్య కొడుకు, తల్లి పోయి ఏడుస్తున్నాడు, అబద్ధమాడతాడా అనుకున్నాను. చూసినవాడు నేనైతే జడ్జిగారు నమ్ముతారన్నాడు. ఆ పిల్ల బోనులోంచి నావైపే చూసింది. బాబాయిగారూ అని పిలిచేది నన్ను. అప్పణ్ణుంచీ జైల్లోనే ఉంది." ఆయన రెండు చేతులూ, మణికట్ల మీద ఆపరేషను గాట్లతో సహా, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "నాకు కాళ్ళు వాచినప్పుడు, నేను చేసినదానికి నాకూ ఎవరో అదే పెడుతున్నారనుకున్నాను."

"తీర్పెప్పుడు?" ఈ ప్రశ్న మెరుపు అడిగాడు. గొంతులో వెటకారం లేదు.

"రేపు. ఉదయం పదకొండింటికి. ఇక్కణ్ణుంచి మూడు గంటల ప్రయాణం."

డాక్టరమ్మ అప్పటికే కాగితం మీద రాస్తోంది. "పోస్టుమార్టం చేశారంటే గుండె ముక్క ఒకటి మైనంలో పెట్టి ల్యాబులో దాచి ఉంటారు. విషం కోసం వెతికినవాళ్ళు దీనికోసం వెతికి ఉండరు. దానికి ఒక ఎర్రరంగు పూసి, ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే చాలు. ఈ ప్రోటీన్ ఉంటే పచ్చగా మెరుస్తుంది. సగం రోజు పని. ఆ ముక్క ఒక్కటి నాకు తెచ్చిపెట్టండి."

ఐదు రోజులుగా ఫైలమ్మతో పోట్లాడుతున్న మెరుపు, ఆవిడ అడక్కుండానే ఫోన్ తీశాడు. రెండు ఆఫీసులు తిరిగి, మూడోసారికి ఆ ఊరి ల్యాబు గుమాస్తా దొరికాడు. మెరుపు అందరికీ వినబడేలా పెట్టాడు.

"నాలుగేళ్ళ కిందటి కేసా సార్? అత్తాకోడళ్ళదా?" కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఉంది సార్. అంటే, ఉండేది సార్."

"ఉండేదేమిటయ్యా?"

"రిజిస్టర్లోంచి ఇవాళే కొట్టేశాం సార్."

ఫైలమ్మ మెరుపు చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఇరవై రెండేళ్ళ రికార్డు రూము ఆవిడ గొంతులోకి వచ్చేసింది. "తీర్పు రాని కేసు శాంపిలుని ఎవరి కాగితం మీద కొట్టేశావు బాబూ? ఆ కాగితం మీకు చేరినప్పుడు వేసిన ఇన్‌వార్డు నంబరు చెప్పు. కింద సంతకం ఎవరిదో చదువు."

అవతల మళ్ళీ పేజీలు తిప్పిన చప్పుడు. "కోర్టు కాగితం కాదు మేడమ్. అర్జీ మేడమ్. తల్లి శరీరంలో ముక్క సీసాల్లో పడి ఉంటే మనసు ఒప్పుకోవడం లేదని, ఇప్పించమని రాసుకున్నారు. చదివితే మాకూ కళ్ళనీళ్ళొచ్చాయి మేడమ్."

"రాసిందెవరు?"

"ఆవిడ కొడుకు మేడమ్. ఎదురుగానే కూర్చున్నారు. డబ్బా ఇప్పుడే ఆయన చేతికిచ్చాను. మాట్లాడతారా?"